మామత్‌ల కాపరులు

వాళ్లకు మాటల్లేవు. మనతో పనీ లేదు. ‘స్కైరిమ్’ ఆటలో ఎవరి జోలికీ పోకుండా బతికే జెయింట్ల లోకం ఇది.

వైట్‌రన్ కోట దాటి పడమటికి నడిస్తే కనుచూపు మేరా గడ్డి మైదానమే. చెట్లు తక్కువ, బండరాళ్లు ఎక్కువ. దూరాన ఎక్కడో పొగ లేస్తుంటుంది. అటు నడిస్తే ముందుగా మామత్‌లు కనిపిస్తాయి. ఒళ్లంతా జూలు, వంపు తిరిగి పైకి లేచిన దంతాలు, తొందరేమీ లేని నడక. వాటి వెంట ఒక జెయింట్. మామూలు మనిషి పక్కన నిలబడితే అతని నడుము దాటడు. మొలకు తోలు, గుండెల మీదికి దిగిన గడ్డం, చేతిలో దుడ్డుకర్ర. మనల్ని గమనించగానే ఆగుతాడు. ఇంకాస్త దగ్గరికి వెళ్తే గుర్రుమంటాడు, కర్ర ఆడిస్తాడు. అప్పుడైనా వెనక్కి తగ్గామా, మన సంగతి వదిలేసి మంద దారి పడతాడు.

‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ 2011 నవంబరు 11న విడుదలైంది. అమెరికాలోని మేరీల్యాండ్‌కు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ దాన్ని తయారుచేసింది. దర్శకుడు టాడ్ హోవార్డ్. 1994లో ‘అరీనా’తో మొదలైన వరుసలో ఇది ఐదోది. 2023 నాటికి 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయని హోవార్డే చెప్పారు. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు: మనమొక పాత్రను తయారుచేసుకుని ఉత్తరాన ఉన్న స్కైరిమ్ అనే చలిదేశంలో అడుగుపెడతాం. అక్కడ అంతర్యుద్ధం నడుస్తుంటుంది. ఎప్పుడో చచ్చాయనుకున్న డ్రాగన్లు మళ్లీ లేచి ఊళ్ల మీద పడుతుంటాయి. వాటిని అంతం చేయగల ‘డ్రాగన్‌బోర్న్’ మనమే. ఇంకేం, ఏ ఊరికి వెళ్లినా అందరికీ మనమే కావాలి. జార్ల్ అని పిలిచే పాలకుడికి మనతో పని. సత్రం నడిపే ఆవిడకు మనతో పని. పోయిన కత్తి వెతికిపెట్టమని ఒకరు, ఉత్తరం అందజేయమని ఒకరు, పగ తీర్చిపెట్టమని ఇంకొకరు. రోడ్డు మీద అడ్డంగా పరుగెత్తుకొచ్చి చేతిలో ఏదో పెట్టి దాచమనేవాడు కూడా ఉంటాడు.

ఇంత పెద్ద లోకంలో మనల్ని ఏమీ అడగనివాళ్లు ఈ జెయింట్లే. అడగరు, చెప్పరు, అమ్మరు, కొనరు. వాళ్ల రోజు మన కోసం మొదలవదు, మనం వెళ్లిపోయామని ఆగదు. స్కైరిమ్ గురించి ఎవరు మాట్లాడినా ముందు డ్రాగన్ల పేరే ఎత్తుతారు. నా మట్టుకు ఆ ఆటలో అన్నిటికంటే గొప్ప కల్పన ఈ కాపరులే. డ్రాగన్ ఎంత బ్రహ్మాండమైనదైనా అది మన కోసం పుట్టింది, మనం చంపడం కోసమే ఎగురుతుంది. జెయింట్ అలా కాదు.

దూరమే స్వభావం

వీళ్లకు ఆ స్వభావం ఎలా వచ్చిందో చూడటానికి ఆట లోపలి పనిముట్లు కొంత సాయపడతాయి. 2012 ఫిబ్రవరిలో బెథెస్డా ‘క్రియేషన్ కిట్’ అనే సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఇచ్చింది. స్కైరిమ్‌ను మార్చుకోవాలన్నా, కొత్త ఊళ్లూ మనుషులూ చేర్చుకోవాలన్నా దానితోనే. అందులో ఒక ప్రాణికి కోపం ఎప్పుడు రావాలో నిర్ణయించడానికి దాని చుట్టూ మూడు వలయాలు గీసే వీలుంటుంది. బయటి వలయంలోకి అడుగుపెడితే హెచ్చరిక. మధ్య వలయంలో హెచ్చరించాక కూడా అక్కడే తచ్చాడితే దాడి. లోపలి దాంట్లోకి వెళ్తే ఇక మాటల్లేవు, నేరుగా దెబ్బే.

తోడేలుకు ఈ మర్యాదలేవీ ఉండవు, కనపడగానే మీద పడుతుంది. గుహల్లో నడిచే శవాలూ అంతే. జెయింట్ మాత్రం మనకు సమయం ఇస్తాడు. ఆ కొద్ది క్షణాల్లోనే అతను వట్టి శత్రువు కాదని తెలిసిపోతుంది. ఒక్క మాటా రాయకుండా, ఒక్క కథా చెప్పకుండా, ఎంత దూరంలో ఏం చేయాలన్న లెక్కతోనే ఒక జాతి గుణం మొత్తం చూపించగలిగారు. ఆటల రచన గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ గుర్రుమనడం గురించే. నవలా రచయిత అయితే పేజీలు ఖర్చుపెట్టాల్సిన పని అది.

వెనక్కి తగ్గనివాళ్ల సంగతికి వద్దాం. ఆట మొదట్లో మనం 1వ లెవెల్‌లో ఉంటాం, జెయింట్ 32వ లెవెల్‌లో. దుడ్డుకర్ర ఒక్కసారి దిగితే చాలు. చావడమే కాదు, శరీరం మబ్బుల్లోకి ఎగిరిపోతుంది. అక్కణ్నుంచి వైట్‌రన్ గోపురాలు, నది, కొండలు అన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. ఇది అనుకుని పెట్టింది కాదు. ప్రాణం పోయిన శరీరం ఎలా పడాలో లెక్కగట్టే భాగం ఆ దెబ్బ బలాన్ని మోయలేక చేసిన తప్పు. తయారీదారులకు సంగతి తెలిసింది, చూశారు, బాగుందనుకున్నారు, ఉంచేశారు. మంచి పని చేశారు. ‘ఆ మనిషి దగ్గరికి వెళ్లకు’ అన్న మాటను ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లందరూ ఒకేలా నేర్చుకున్నది ఆ ఎగురుడుతోనే.

అదే జెయింట్ మనకు తోడూ అవుతాడు, అనుకోకుండా. శిబిరం మీదికి డ్రాగన్ దిగితే దుడ్డుకర్ర పట్టుకుని ఎదురు నిలుస్తాడు. ఎవరూ రాయని యుద్ధాలవి. ఆ క్షణంలో అక్కడున్న పాత్రల గుణాలు ఒకదానితో ఒకటి తగిలి పుట్టినవి. దూరాన రాతి చాటున నక్కి చూస్తున్న మనకు ఎవరు గెలవాలని ఉంటుందో చెప్పక్కర్లేదు.

మొదటి పరిచయం

చాలామందికి జెయింట్ మొదట కనిపించేది మాత్రం ఇలా కాదు. రివర్‌వుడ్ అనే చిన్న ఊరి నుంచి వైట్‌రన్‌కు వెళ్లే దారిలో పెలాజియా ఫారం ఉంటుంది. కోట గోడల బయట, పంట చేలో, ఒక జెయింట్‌ను ముగ్గురు యోధులు చుట్టుముట్టి కొడుతుంటారు. ఏలా, ఫార్కస్, రియా అనే ఆ ముగ్గురూ ‘కంపానియన్స్’ అనే వీరుల దళం వాళ్లు. మనమూ చెయ్యి వేస్తే ఏలా మెచ్చుకుని దళంలోకి రమ్మంటుంది. ఊరికే నిలబడి చూస్తే ఈసడించుకుంటుంది. జెయింట్ చేలోనే కుప్పకూలి ఉంటాడు.

అతను పొలంలోకి ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పరు. మంద తప్పిపోయిందా, ఆకలేసిందా, తరతరాలుగా తిరిగిన దారికి అడ్డంగా చేను లేచిందా? అడగడానికి కూడా ఆట వీలివ్వదు. కథ చెప్పేవాళ్లు మనకు ఇచ్చిన మొదటి అభిప్రాయం ఇదీ: జెయింట్ అంటే పొలం మీద పడ్డ పీడ, వీరులంటే దాన్ని వదిలించేవాళ్లు. ఆ తర్వాత పదుల గంటలు ఆ మైదానాల్లో తిరిగితేగానీ ఆ అభిప్రాయం ఎంత ఒంటికంటిదో తెలియదు. ముందు ఊరివాళ్ల భయాన్ని మనకు అంటించి, తర్వాత మన కళ్లతో మనమే చూసుకోమని వదిలేయడం నాకు చాలా పెద్ద పనితనంగా తోస్తుంది.

శిబిరం లోపల

వాళ్ల శిబిరాలకు పేర్లు బాగుంటాయి. బ్లీక్‌విండ్ బేసిన్, క్రేడిల్‌క్రష్ రాక్, స్లీపింగ్ ట్రీ క్యాంప్. సెకుండాస్ కిస్ అని ఇంకొకటి. సెకుండా అంటే ఆ లోకానికున్న రెండు చందమామల్లో చిన్నది. ఎక్కువ శిబిరాలు వైట్‌రన్ మైదానంలోనూ, తూర్పున వేడినీటి బుగ్గలు పొగలు కక్కే ఈస్ట్‌మార్చ్ నేల మీదా ఉంటాయి. గోడల్లేవు, కప్పుల్లేవు. నడుమ పెద్ద నెగడు, చుట్టూ మామత్ ఎముకలు, ఆరేసిన తోళ్లు.

ఇప్పుడు కాస్త దగ్గరగా చూడాలి. మామత్ దంతం మీద గీతలున్నాయి. రాళ్లకు రాసుకుని అయిన గీతలు కావవి. ఎవరో కూర్చుని, పనిముట్టు పట్టుకుని, ఓపికగా చెక్కిన వంపులు. బతికున్న మామత్‌ల దంతాల మీదే ఉంటాయవి. అంటే అంత పెద్ద జంతువు కదలకుండా నిలబడి చెక్కించుకుంది. చెక్కే చెయ్యి మీద దానికి భయం లేదు. జెయింట్ ఒంటి మీద చూసినా అలాంటి సుడులే కనిపిస్తాయి, పచ్చబొట్టులా కాకుండా చర్మాన్ని కోసి మచ్చ కట్టించిన గుర్తులు. మనిషి మీదా పశువు మీదా ఒకే రకం రాత. ఈ మంద నాదని వేసిన గుర్తో, నువ్వూ నేనూ ఒకటేనన్న మాటో ఆట చెప్పదు. కానీ రాయడం రాని జాతి అని వాళ్లను కొట్టిపారేయడం ఇక కుదరదు.

నెగడు పక్కన గిన్నెల్లో చీజ్ ఉంటుంది. మామత్ పాలతో చేసిన చీజ్. మనం తీసుకోవచ్చు, తినొచ్చు కూడా, జెయింట్ చూడకపోతే. ఈ చీజ్ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పాలు పితకాలంటే పశువు మచ్చికవ్వాలి. పాలు విరగాలి, నీరు వార్చాలి, గడ్డ కట్టేదాకా ఆగాలి. రేపటి కోసం దాచుకోవడం తెలిసినవాళ్ల తిండి అది. ఆట తయారీదారులు ఒక్క వాక్యం రాయకుండా ఆ గిన్నె అక్కడ పెట్టి ఊరుకున్నారు.

చీజ్ చేసే మహాకాయుడు కొత్తవాడు కాదు. హోమర్ ‘ఒడిస్సీ’ తొమ్మిదో సర్గలో ఒంటికన్ను పాలిఫెమస్ ఉన్నాడు. మనుషులకు దూరంగా, గుహలో, గొర్రెలనూ మేకలనూ కాచుకునేవాడు. ఒడిస్సియస్ పన్నెండు మందిని వెంటేసుకుని ఆ గుహలోకి వెళ్లేసరికి ఇంటివాడు లేడు. బుట్టల నిండా చీజ్ ఉంది. దొరికింది తీసుకుని ఓడ ఎక్కేద్దామని తోటివాళ్లు బతిమాలారు. ఒడిస్సియస్ వినలేదు. ఇంటివాణ్ని చూడాలి, కానుకలు అందుకోవాలి. పిలవని ఇంట్లో నిప్పు రాజేసి అతని చీజ్ తింటూ కూర్చున్నారు. పాలిఫెమస్ తిరిగొచ్చి వాళ్లలో ఆరుగురిని తిన్నాడు, చివరికి కన్ను పోగొట్టుకున్నాడు. నరమాంసం తిన్నవాణ్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అయితే గడప దాటి లోపలికి వెళ్లింది ఎవరన్న ప్రశ్న ఆ కావ్యంలోనే ఉంది. స్కైరిమ్ అదే ప్రశ్నను కీబోర్డు మీద మన వేళ్లకు వదిలింది.

మామత్‌తో బతుకు అల్లుకోవడం కూడా వట్టి ఊహేం కాదు. ఉక్రెయిన్‌లోని మెజిరిచ్ అనే ఊళ్లో 1965లో ఒక రైతు నేలమాళిగ తవ్వుకుంటుంటే మామత్ దవడ ఎముక బయటపడింది. తవ్వుకుంటూ పోతే మామత్ ఎముకలతో కట్టిన గుడిసెలు తేలాయి. దాదాపు 15,000 ఏళ్ల నాటివి. ఎర్రమట్టితో గీతలు వేసిన మామత్ పుర్రె కూడా అక్కడ దొరికింది. ఆ మనుషులు మామత్‌లను మేపలేదు, వేటాడారు, చచ్చినవాటి ఎముకలు ఏరుకున్నారు. ఆఖరి మామత్‌లు సైబీరియాకు ఉత్తరాన రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ల క్రితం దాకా బతికాయి. స్కైరిమ్ ఇంకో దారిని ఊహించింది: వాటిని చంపేవాళ్లు కాకుండా కాపాడేవాళ్లు దొరికితే ఎలా ఉండేదని. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్లోనూ జెయింట్లూ మామత్‌లూ ఉన్నారు, కానీ అక్కడ జెయింట్లు వాటినెక్కి యుద్ధానికి వస్తారు. ఇక్కడ పక్కన నడుస్తారు. నాకు ఇదే నచ్చింది.

రంగులు పూసిన ఆవు

స్కైరిమ్ రోడ్ల మీద అప్పుడప్పుడు ఒక రైతు ఎదురవుతాడు. ఆవును తోలుకుని పోతుంటాడు. ఆవు ఒంటి నిండా రంగులతో సుడులూ గీతలూ. ఎక్కడికని అడిగితే జెయింట్లకు ఇవ్వడానికని చెబుతాడు. ఆవును ఇచ్చేస్తే వాళ్లు ఊరి జోలికి రారు. శిబిరాల దగ్గర కూడా అలాంటి రంగుల ఆవులు కనిపిస్తాయి.

తెలుగువాడికి ఇక్కడ ఏకచక్రపురం గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. బకాసురుడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకెళ్లిన మనిషి, వంతు వేసుకుని ఇంటికొకరు. ఆ ఒప్పందంలోని భయం, కన్నీళ్లు మనకు చిన్నప్పుడే తెలుసు. అందుకే ఆవు తోలుకుపోతున్న ఆ రైతును చూడగానే మనలో ఒక భీముడు లేచి కూర్చుంటాడు. శిబిరానికి వెళ్లి లెక్క తేల్చేద్దామనిపిస్తుంది.

కానీ ఈ రైతు ఏడవడం లేదు. సాయం అడగడం లేదు. ఆవును అప్పగించి తిరిగి ఇంటికి వెళ్తాడు. ఏకచక్రపురంలో పోయేది మనిషి ప్రాణం, ఇక్కడ మనిషికి ఏమీ కాదు. ఇది పన్ను లాంటిదా, ఇరుగుపొరుగు మర్యాదా, భక్తా? ఆవు ఒంటి మీది ఆ సుడులు జెయింట్ల ఒంటి మీది సుడులను పోలి ఉంటాయన్నది నేను గమనించిన సంగతి. పొరుగువాళ్లకు అర్థమయ్యే గుర్తులేవో ఆ రైతుల తాతముత్తాతలు నేర్చుకుని ఉంటారని నా ఊహ. అదే నిజమైతే స్కైరిమ్‌లో జెయింట్లతో మాట్లాడే విద్య తెలిసినవాళ్లు పండితులు కారు, వీరులు కారు, పశువులున్న పల్లె జనం.

పెలాజియా ఫారంలో కత్తులు దూసిన ముగ్గురినీ, ఆవు పలుపు పట్టుకుని నడిచే ఈ ఒక్కణ్నీ ఒకే ఆటలో పెట్టారు. జెయింట్లతో బతకడానికి ఆ దేశంలో రెండు పద్ధతులున్నాయి. రెండో దాని గురించి పాటలు కట్టేవాళ్లు ఉండరు.

దంతం, వేలు, నాణేలు

వాళ్లకు మనతో పనిలేదు సరే, మనకు వాళ్లతో బోలెడంత పని. వైట్‌రన్ బజార్లో ఇసోల్డా అనే అమ్మాయి ఉంటుంది. మంచి పిల్ల, నవ్వుతూ మాట్లాడుతుంది, ఎప్పటికైనా వ్యాపారంలో పైకి రావాలని ఆశ. ఊరూరూ తిరిగే, ఖజీత్ అనే పిల్లిజాతి వర్తకుల నమ్మకం సంపాదించాలంటే ఆమెకు ఒక మామత్ దంతం కావాలి. తెచ్చిస్తే మనకు బేరం చేసే నేర్పు పెరుగుతుంది. ఎంత చిన్న కోరిక! దంతం ఎక్కడో ఒకచోట కొనుక్కుని కూడా ఇవ్వొచ్చు. కానీ చాలామంది ఆటగాళ్లు విల్లు అందుకుని మైదానం వైపు నడుస్తారు. మామత్ మీద బాణం పడగానే కాపరి పరుగెత్తుకొస్తాడు. అతను మన మీదికి వచ్చింది మంద కోసం.

స్లీపింగ్ ట్రీ క్యాంప్ దగ్గర ఒక వింత చెట్టుంది. ఊదారంగులో మెరిసే నీటి నడుమ నిలబడి ఉంటుంది. దాని బంక తాగితే ప్రాణబలం 100 పెరుగుతుంది, నడక మాత్రం మందగిస్తుంది. చెట్టు చుట్టూ ఉండేది జెయింట్లు. బంక కొనేది మళ్లీ ఇసోల్డాయే.

అన్నిటికంటే నన్ను కలచివేసేది జెయింట్ కాలివేలు. చచ్చిన జెయింట్ ఒంటి మీద నుంచి దాన్ని తీసుకోవచ్చు. మందులు నూరే విద్యలో అదొక సరుకు. దాన్ని గోధుమలతో కలిపితే వచ్చే మందు ప్రాణబలాన్ని పెంచుతుంది. మిగతావాటితో చేసిన మందుకంటే చాలా ఎక్కువసేపు పనిచేస్తుంది కాబట్టి ధర ఎక్కడికో పోతుంది. 2012లో వచ్చిన ‘హార్త్‌ఫైర్’ అనుబంధంతో సొంత ఇల్లు కట్టుకుని పెరట్లో గోధుమలూ వేసుకోవచ్చు. ఇక కావాల్సింది వేళ్లే. డబ్బు సంపాదించే దారి చెప్పమంటే పాత ఆటగాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి చిట్కాల్లో ఇదొకటి. శిబిరాల మీద శిబిరాలు ఖాళీ చేసుకుంటూ పోతారు. ఒకప్పుడు మబ్బుల్లోకి విసిరేసినవాణ్ని చూసి భయపడ్డ మనిషే, లెవెల్ పెరిగాక అతన్ని కాలివేళ్ల లెక్కన చూస్తాడు. ఈ మార్పు ఎక్కడా ఎవరూ ఎత్తిచూపరు. మన చేతుల్లోనే జరిగిపోతుంది.

పైగా జార్ల్ కొలువులోనూ సత్రాల్లోనూ జెయింట్‌ను చంపితే బహుమానం అని ఉత్తర్వులు దొరుకుతాయి. ఫలానా శిబిరం, ఫలానా పని, ఇన్ని నాణేలు. అతను చేసిన నేరం ఏమిటో వివరంగా చెప్పాలన్న పట్టింపు ఆ కాగితానికి ఉండదు.

చచ్చాక కూడా విముక్తి లేని జెయింట్ ఒకడున్నాడు. కార్‌స్టాగ్. 2003లో ఇదే వరుసలోని ‘మారోవిండ్’ ఆటకు వచ్చిన ‘బ్లడ్‌మూన్’ అనుబంధంలో అతను సోల్‌స్టైమ్ దీవిలో మంచుకోట కట్టుకుని ఉండే మంచు జెయింట్. 2012లో స్కైరిమ్‌కు ‘డ్రాగన్‌బోర్న్’ అనుబంధం వచ్చేసరికి కోట కూలిపోయింది, అతను లేడు, పుర్రె మిగిలింది. ఆ పుర్రెను వెతికి తెచ్చి అతని సింహాసనం మీద పెడితే ప్రేతం లేస్తుంది. దాన్నీ ఓడిస్తే మనకు దొరికే బహుమతి ఏమిటంటే, కార్‌స్టాగ్‌ను మన తరఫున పోరాడటానికి మూడుసార్లు పిలుచుకునే శక్తి.

చంపకుండా పోయే దారి

ఒంటరి మహాకాయుల మీద వచ్చిన మరో రెండు గొప్ప ఆటల పక్కన పెట్టి చూస్తే స్కైరిమ్ చేసిన పని విలువ తెలుస్తుంది. 2005లో జపాన్ నుంచి ఫుమితో ఉయేదా రూపొందించిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ వచ్చింది. చచ్చిన అమ్మాయిని బతికించుకోవడానికి ఒక యువకుడు 16 మంది మహాకాయులను చంపాలి. వాళ్లలో కొందరు తమ మానాన తాము ఉన్నవాళ్లే. ఒక్కొక్కరు కూలుతుంటే వినిపించే సంగీతంలో గెలుపు ఉండదు, దుఃఖం ఉంటుంది. 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’లో మంచుకొండల మీద ఫైర్ జెయింట్ ఉంటాడు. తన జాతిలో మిగిలిన ఆఖరివాడు, ఆరని మంటను కాస్తూ ఉండమన్న శాపం మోస్తున్నవాడు. అతన్ని దాటితేనే కథ ముందుకు నడుస్తుంది.

రెండూ గుండె పిండేవే. కానీ ఆ రెండింటిలోనూ మనకు దారి లేదు. చంపి బాధపడాలి, లేదా ఆట ఆపేయాలి. స్కైరిమ్ ప్రధాన కథలో ఒక్క జెయింట్‌నూ చంపాల్సిన అవసరం రాదు. మొత్తం ఆట ముగించి, ఎదురైన డ్రాగన్లను కూల్చి, ఒక్క కాపరి మీదా కత్తి ఎత్తకుండా ఉండొచ్చు. అలా ఉన్నందుకు మెచ్చుకోలు ఏమీ రాదు. జార్ల్ ఇచ్చిన ఉత్తర్వు చేయాల్సిన పనుల జాబితాలో అలాగే తీరకుండా ఉండిపోతుంది, ఆట ఎన్నేళ్లు ఆడినా. ఆ జాబితాను అలా వదిలేయగలగడం ఈ ఆట ఇచ్చిన స్వేచ్ఛల్లో చాలా విలువైనదని నేననుకుంటాను.

వాళ్ల గురించి ఆట దాచిపెట్టింది చాలా ఉంది. ఎక్కడా ఒక్క ఆడ జెయింట్ కనిపించదు, ఒక్క పసివాడు కనిపించడు. నార్డ్‌లు అని పిలిచే స్కైరిమ్ మనుషులకూ జెయింట్లకూ పూర్వికులు ఒకరేనని, ఇద్దరూ ఉత్తరాన అట్మోరా అనే ఖండం నుంచి వచ్చినవాళ్లని ఆ లోకంలో ఒక మాట వినపడుతుంది. అది నిజమైతే పెలాజియా ఫారంలో జరిగింది దాయాదుల పోరు. ‘డాన్‌గార్డ్’ అనుబంధంలో, మనుషులు మరిచిపోయిన ఒక మంచులోయలో, అయిదుగురు మంచు జెయింట్లు విడివిడిగా ఉంటారు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో రత్నం. వాళ్లెవరో, ఆ రత్నాలు వాళ్ల దగ్గరెందుకున్నాయో తెలిసేలోగా మనవాళ్లు వాటిని ఊడబెరుక్కుని ఉంటారు.

ఇదంతా గీసి, చెక్కి, నిలబెట్టినవాళ్లను తలుచుకోవాలి. స్కైరిమ్ రూపురేఖలను కాగితం మీద మొదట ఊహించిన చిత్రకారుల్లో ఆడమ్ ఆడమోవిచ్, రే లెడరర్ ముఖ్యులు. ఆయుధం పిడి మొదలు ఇంటి దూలం దాకా ఆ దేశానికి చేత్తో చేసిన తనం వచ్చింది వాళ్ల బొమ్మల నుంచే. ఆట విడుదలైన మూడు నెలలకే, 2012 ఫిబ్రవరిలో, ఆడమోవిచ్ కన్నుమూశారు. ఆయనకు నలభై మూడేళ్లు.

ఎల్డర్ స్క్రోల్స్ ఆరో ఆట వస్తుందని బెథెస్డా 2018లోనే ప్రకటించింది. అందులో జెయింట్లు ఉంటే, దయచేసి వాళ్ల చేత మాట్లాడించవద్దని నా విన్నపం. వాళ్లకొక రాజును పెట్టి, ఆ రాజుకొక కష్టం పెట్టి, దాన్ని తీర్చమని మన చేతికి ఉత్తరం ఇస్తే వాళ్లూ అందరిలాగే అయిపోతారు. ఆవు తోలుకెళ్లే రైతుతో మాత్రం ఇంకాస్త సేపు మాట్లాడనిస్తే బాగుంటుంది. ఆ రంగులు ఎవరు నేర్పారో, ఏ సుడికి ఏమర్థమో అతన్ని అడగాలని ఉంది.